40 నిమిషాలకే క్లాస్ కట్! ఫ్రీగా పాఠాలు చెప్పే వాలంటీర్లూ.. ఇవి చూసుకోండి
ఆన్‌లైన్‌లో పిల్లలకు ఉచితంగా పాఠాలు చెప్పే వాలంటీర్లకు మొదటి చిక్కు టైమే. జూమ్ ఫ్రీ అకౌంట్‌లో మీటింగ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది. లెక్క సగంలో ఉన్నా సరే! గూగుల్ మీట్ ఫ్రీ వెర్షన్‌లో గ్రూప్ కాల్‌కు గంట టైమ్ ఉంటుంది. జూమ్ అయితే పాఠం 30 నిమిషాల్లో ముగించి, మిగతాది డౌట్లకు వదిలేయడం మేలు.

చాలామంది పిల్లల చేతిలో ఉండేది అమ్మానాన్నల ఫోనే. రోజువారీ డేటా అయిపోతే ఇంట్లో అందరికీ ఇబ్బందే. అందుకే కెమెరాలు ఆఫ్ చేయించి, స్క్రీన్ షేర్‌తో చెబితే డేటా ఆదా అవుతుంది.

లింక్ బయటకు పోతే మాత్రం ఎవరైనా వచ్చేస్తారు. వెయిటింగ్ రూమ్ ఆన్‌లో ఉంచి, గుర్తుపట్టాకే లోపలికి రానివ్వాలి. లిస్టులో ‘రెడ్‌మీ’ అని కనిపిస్తే ఎవరో ఎలా తెలుస్తుంది? తమ పేరు, తరగతితో చేరమని పిల్లలకు ముందే చెప్పాలి.