పెంపుడు కుక్కకు పిల్లలెందుకు?

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులను "మా ఇంటి జంతువు" అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిని. సగమునకు పైగా కుక్కను గూర్చినవే వచ్చినవి. ఒక బాలిక తన వ్యాసము చివర నాకొక ప్రశ్న వ్రాసినది. "మాస్టారూ, మా కుక్కకు ఏడాదిన్నర నిండినది. ఎదురింటివారి మగకుక్కతో జత కలిపినచో పిల్లలు మంచి వెలకు పోవునని మామయ్య అనుచున్నాడు. అమ్మ వద్దనుచున్నది. మీరేమందురు?" వ్యాసమునకు మార్కులు వేసితిని గాని ప్రశ్నకు జవాబు వ్రాయలేదు. ఈ విషయమున నేను చేసిన తప్పొకటి కలదు. దానిని దాచి ఆ పిల్లకు హితము చెప్పుటకు మనసొప్పలేదు.

పది సంవత్సరముల క్రిందట మా ఇంట రాణి అను తెల్లని పోమెరేనియన్ కుక్క యుండెడిది. ఒక్క ఈతయైన ఈనకున్నచో ఆడుకుక్కకు ఆరోగ్యముండదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. నేను నమ్మితిని. పిల్లలు ముద్దుగా నుండునన్న ఆశయు కలిగెనని ఒప్పుకొనవలెను. శ్రావణమాసములో రాణి ఆరు పిల్లలను పెట్టినది. ఒకటి రెండవనాడే పోయినది. తక్కిన యైదింటిని అడిగినవారికెల్ల ఇచ్చి సంతోషించితిని. ఇచ్చిన నెల తిరుగక మునుపే రెండు పిల్లలు రక్తవిరేచనములతో చనిపోయినవి. అది పార్వో అను వైరసు వలన వచ్చు జబ్బు. టీకాలు వేయించినచో చాలవరకు రాదు. నేను వేయించలేదు, తీసికొనినవారు నేను వేయించితినని తలచిరి. మూడవదానిని తీసికొనిన కుటుంబము బదిలీపై ఊరు విడిచినది, కుక్కను ఊరిలోనే విడిచినది. మరుసటి వేసవిలో బరంపురము బజారులో, కూరగాయల దుకాణముల వెనుక, ఒళ్లంతయు గజ్జితో ఒక కుక్క నా కాళ్లయొద్దకు వచ్చి తోక యాడించినది. అది నన్ను గుర్తించెనో లేదో తెలియదు. చెవిపైనున్న గోధుమరంగు మచ్చను బట్టి నేను దానిని గుర్తించితిని. ఇంటికి తెచ్చితిని గాని పక్షము దినములకు మించి బ్రతుకలేదు. ఆరింటిలో రెండు మాత్రమే మంచి యిండ్లలో పెరిగినవి.

అటుపిమ్మట పశువైద్యుని అడిగితిని. ముందే అడుగవలసిన మాట. ఆడుకుక్క ఆరోగ్యమునకు ఈత అవసరమన్నది వట్టిమాట యని ఆయన చెప్పిరి. ఈనిన కుక్కకైనను, ఈనని కుక్కకైనను, నడివయసు దాటిన పిమ్మట గర్భాశయమున చీము చేరు ప్రమాదము కలదు. అది ప్రాణము తీయగల జబ్బు. శస్త్రచికిత్సచే గర్భాశయమును, అండాశయములను తొలగించినచో ఆ భయము పోవును. ఆ చికిత్స ఏ వయసున చేయించవలెనన్నది కుక్క జాతిని, పరిమాణమును బట్టి మారును గనుక వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇక ఈతలోని శ్రమ. కుక్క చూలు సుమారు 63 దినములు. పుట్టిన పిల్లకు కన్ను తెరచుకొనదు, చెవి వినబడదు. రెండు వారములకు గాని లోకము కనబడదు. ఎనిమిది వారములు నిండువరకు తల్లినుండి వేరు చేయరాదు. తోడి పిల్లలతో ఆడునపుడు గట్టిగా కరచినచో ఎదుటిది కీచుమని అరచి ఆట మానివేయును. పంటిని అదుపులో నుంచుకొనుట కుక్కపిల్ల ఆ విధముగానే నేర్చుకొనును. ముందుగా విడదీసిన పిల్ల పెద్దదై ఇంటివారినే కరచినచో నేరము దానిది కాదు. ఆరెనిమిది వారముల వయసున మొదలుపెట్టి నాలుగు నెలలు వచ్చువరకు మూడు నాలుగు వారముల కొకసారి టీకాలు, మూడవ నెలలో రేబీసు టీకా, నడుమ నులిపురుగుల మందు. ఈ ఖర్చునంతటిని ఆరుతో హెచ్చవేయవలెను. పిల్ల అడ్డము తిరిగినచో అర్ధరాత్రి ఆపరేషను చేయు వైద్యుని వెదకవలెను. అమ్మకపు లెక్క వేయు మామయ్యలు ఈ లెక్క వేయగా నేను చూడలేదు.

జాతిని చూచి జత కలుపుట మరింత చిక్కైన పని. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతులలో తుంటికీలు సరిగా కుదరని లోపము తలిదండ్రులనుండి పిల్లలకు రావచ్చును. పైకి చక్కగా నున్న కుక్కలోను అది దాగి యుండును. ఎక్స్‌రే తీసినగాని తెలియదు. ముఖము నొక్కివేసినట్లుండు పగ్ కుక్క మన వైశాఖపు ఉక్కలో ఊపిరికే అల్లాడును. మంచుదేశములో బండి లాగుటకు పుట్టిన హస్కీని గోపాలపురపు తేమగాలిలో పెంచువారిని కూడ చూచితిని. దాని బాధ అది చెప్పలేదు గనుక నేనే చెప్పుచున్నాను.

అట్లని ఎవరును కుక్కలకు పిల్లలను పెట్టించరాదని నా వాదము కాదు. నేను ఆంధ్రదేశమున పండిత శిక్షణ పొందు దినములలో కొల్లేటి ప్రాంతపు సహాధ్యాయి యొకడు జోనంగి కుక్కలను గూర్చి చెప్పెడివాడు. వెంట్రుక బొత్తిగా పొట్టి, ఒళ్లు సన్నము, కూత మొరిగినట్లుగాక రాగము తీసినట్లుండును. బాతుల మందలను కాయుటలో నేర్పు గలవి. బాతులు కాయువారు పనికి వచ్చు కుక్కను ఎన్నుకొని తరతరములుగా నిలిపిన జాతి యిది. చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గినకొలది ఇదియు తగ్గినది. అట్టి జాతిని నిలుపుటకు తెలిసినవారు శ్రద్ధతో పూనుకొనుట వేరు, ఎదురింటి మగకుక్క తెల్లగా నున్నదని జత కలుపుట వేరు.

చట్టమును ఈ పనిని తేలికగా చూడలేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద 2017లో కుక్కల పెంపకము, అమ్మకములపై నియమములు వచ్చినవి. అమ్మకమునకై పిల్లలను పెట్టించువాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి యొద్ద నమోదు కావలెను. పదునెనిమిది నెలలు నిండని ఆడుకుక్కను జత కలుపరాదు. రెండు నెలలు నిండని పిల్లను అమ్మరాదు. మా శిష్యురాలి కుక్కకు వయసు సరిపోయినది గదా యని మామయ్య అనవచ్చును. తక్కిన వానిమాట ఆయన అడుగలేదు.

వీధికుక్కల జనన నియంత్రణకై 2001లోను, మరల 2023లోను నియమములు వచ్చినవి. వాని ప్రకారము పురపాలక సంఘములు వీధికుక్కలకు శస్త్రచికిత్స చేయించి టీకా వేయించవలెను. ఒక ప్రక్క ప్రజాధనముతో ఆ పని సాగవలసియుండగా, మనము మన వాకిలినుండి కొత్త పిల్లలను వీధికి పంపుచున్నాము. టీకా లేని కుక్క కరచినచో రేబీసు భయము. లక్షణములు కనబడిన పిమ్మట ఆ జబ్బును కుదుర్చు మందు లేదు. కరచిన వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిలో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పసుపును కారమును అద్దువారు మన పేటలలో ఇంకను కలరు. విద్యార్థులు వారిని వారింపవలెను.

మన గంజాము జిల్లాకు మరియొక చింత కలదు. ఋషికుల్య సముద్రమున కలియుచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలసంఖ్యలో గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టునని 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఒక్కొక్క తాబేలు సుమారు నూరు గ్రుడ్లను ఇసుకలో పాతి మరల నీటిలోనికి పోవును. పిల్లలు బయటపడుటకు ఆరేడు వారములు పట్టును. ఆ దినములలో ఇసుకను త్రవ్వి గ్రుడ్లు తినునవి, సముద్రమునకు ప్రాకిపోవు పిల్లలను పట్టునవి నక్కలును, ఊరకుక్కలును. అటవీశాఖవారును తీరగ్రామముల యువకులును వలలు కట్టి కావలి కాయుచున్నారు. బరంపురములో విడిచిన పోమెరేనియన్ అంతదూరము పోదు. కాని తీరమున తిరుగు కుక్కల వంశమును ఎప్పుడో ఎవరి వాకిటనో మొదలైనదే.

నన్నయగారి భారతము ఆదిపర్వమున సరమ కథ కలదు. జనమేజయుని తమ్ములు యజ్ఞశాల యొద్ద నిరపరాధియైన తన కొడుకును కొట్టిరని ఆ దేవశుని రాజు సన్నిధికే వచ్చి అడిగెను. ఆ ఘట్టమును తరగతిలో చెప్పునపుడెల్ల నాకు రాణి జ్ఞప్తికి వచ్చును. అది తన పిల్లలను గూర్చి నన్నేమియు అడుగలేదు. కొన్ని దినములు మంచము క్రింద వెదకి ఊరకుండినది.

బాలికకు ఆలస్యముగానైనను జవాబిచ్చితిని. జత కలుపక ముందే తలిదండ్రులిద్దరిని వైద్యుడు పరీక్షించి యుండవలెను. పుట్టబోవు ప్రతి పిల్లకు ఒక యిల్లు నిశ్చయమై యుండవలెను. ఎవరైన తిరిగి తెచ్చిన పిల్లను మీరే జీవితాంతము పెంచుకొనవలెను. వీనికి సిద్ధము కాని ఇంట ఈత వద్దు. నా యింట వీనిలో ఒక్కటియు లేకుండెను. మన ఊరిలో ఉన్న యిండ్లును అరుదే.

తల్లి ఆ కుక్కకు వేసవి సెలవులలో శస్త్రచికిత్స చేయించినదట. మామయ్య మాత్రము బజారులో ఎదురుపడినను నాతో మాటలాడుట లేదు.