మందులన్నీ కలిసేచోట

వృద్ధులలో రక్తపోటు, గుండెజబ్బు, కీళ్లనొప్పులు ఒకేసారి ఉండవచ్చు. ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క వైద్యుడు మందు రాస్తారు. ఆ మందులన్నీ కలిసేది మాత్రం రోగి శరీరంలోనే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు నొప్పికి ఐబుప్రొఫెన్ కూడా మింగితే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. విడివిడిగా రెండూ మేలు చేసే మందులే!

ఇటువంటి ముప్పును ముందే గుర్తించడానికి, కుటుంబ వైద్యుల చికిత్సాలయాలలో క్లినికల్ ఫార్మసిస్టులను నియమించే పథకాన్ని 2015లో ఇంగ్లండులో ప్రకటించారు. వీరు మందులు అమ్మేవారు కారు. వైద్యులు, నర్సులతో కలిసి పనిచేస్తూ రోగి వాడే మందులన్నింటినీ ఒకచోట పరిశీలిస్తారు. అనవసరమైనవాటిని గుర్తించి, మోతాదులు సరిచూస్తారు. రోగి మాత్రలు మానివేస్తే కారణం ఓపికగా అడిగి తెలుసుకుంటారు.

మన దేశంలో 2008లో ప్రారంభమైన ఫార్మ్.డి. కోర్సు ఇటువంటి నిపుణులను తయారుచేయడానికే ఉద్దేశించినది. మనమూ పెద్దలను ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు వారు వాడే మందులన్నింటినీ వెంట ఉంచుకోవాలి.