అరటి సాగు

అరటి సాగు అనగా పండు కొరకు, కూరకాయ కొరకు అరటి మొక్కలను తోటగా పెంచడం. ప్రపంచంలో అరటిని అత్యధికంగా పండించే దేశం భారతదేశం. దేశంలో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, తమిళనాడు, గుజరాత్, కర్ణాటక రాష్ట్రాలు ఈ పంటకు ప్రసిద్ధి చెందాయి. ఆంధ్రప్రదేశ్‌లో అరటికి రెండు ప్రధాన ప్రాంతాలున్నాయి. ఒకటి కోనసీమ, గోదావరి లంకలతో కూడిన డెల్టా. రెండవది పులివెందుల, తాడిపత్రి పరిసరాలలోని రాయలసీమ మెట్ట ప్రాంతం.

నాటిన ఏడాదికి చేతికి వచ్చే పండ్లతోట కావడం వలన చిన్న రైతులు కూడా అరటిని చేపట్టగలరు. అయితే దీనికి పెట్టుబడి ఎక్కువ. కాయ నిలువ ఉండదు, చెట్టు పెనుగాలికి ఆగదు. కనుక ఈ పంటలో లాభనష్టాలు దిగుబడి ఒక్కదాని మీదనే ఆధారపడవు. ఏ రకం నాటాలి, పిలక ఎక్కడ నుండి తేవాలి, గెల ఏ నెలలో కోతకు రావాలి అనే మూడు విషయాలను రైతు గొయ్యి తీయక ముందే నిర్ణయించుకోవాలి. ఆ తరువాత చేసే సేద్యం ఈ నిర్ణయాలలోని పొరపాటును పూర్తిగా దిద్దలేదు.

మొక్క స్వభావం

అరటిని చెట్టు అని వ్యవహరించినప్పటికీ అది వృక్షం కాదు. ముసేసీ కుటుంబానికి చెందిన పెద్ద గుల్మం. కాండంగా కనిపించేది ఆకుల తొడిమలు ఒకదానిపై ఒకటి చుట్టుకొని ఏర్పడిన బోదె. అసలు కాండం భూమిలోని దుంప. బోదెలో కలప లేనందునే గెల బరువు పెరిగిన తరువాత గాలికి సులభంగా విరిగిపోతుంది.

మనం తినే అరటి రకాలు చాలావరకు ముసా అక్యుమినాటా, ముసా బాల్బీసియానా అనే రెండు అడవి జాతుల నుండి వచ్చినవి. వీటి కాయలలో మొలకెత్తే విత్తనాలు ఉండవు. దుంప నుండి పుట్టే పిలకల ద్వారానే వంశం కొనసాగుతుంది. ఒక్కొక్క బోదె ఒకే ఒక గెల వేసి చనిపోతుంది. పిలక తల్లి గుణాలనే కాక తల్లికి ఉన్న రోగాన్ని కూడా వెంట తెచ్చుకుంటుంది. పిలకల ఎంపికకు ఇంత ప్రాధాన్యం ఉండడానికి కారణం ఇదే.

రకాలు

* కర్పూర చక్కెరకేళి: కోస్తాలో విస్తారంగా సాగయ్యే రకం. తమిళనాడులో దీనిని పూవన్ అంటారు. పండు కొద్దిగా పులుపు కలిసిన తీపి. మగ్గిన తరువాత కూడా అత్తం నుండి త్వరగా రాలదు కనుక దూర ప్రయాణానికి అనుకూలం.
* అమృతపాణి: దీనినే రస్తాళి అంటారు. రుచి, సువాసన గల పండు. మగ్గగానే అత్తం నుండి ఊడిపోతుంది. పనామా ఎండు తెగులుకు సులభంగా లోనవుతుంది.
* తెల్ల చక్కెరకేళి: తియ్యదనానికి పేరు పొందిన గోదావరి ప్రాంతపు రకం. శుభకార్యాలలో, పూజలలో దీనికి గిరాకీ ఉంటుంది.
* గ్రాండ్ నైన్: పచ్చ అరటి (కావెండిష్) వర్గానికి చెందినది. సక్రమంగా పెంచితే గెల 25 నుండి 30 కిలోల వరకు తూగుతుంది. రాయలసీమ నుండి ఎగుమతి అయ్యేది ప్రధానంగా ఈ రకమే.
* బొంత: తెలుగువారి వంటలో కూరకు, బజ్జీలకు వాడే అరటి. మందమైన తొక్క, పలకలు తేలిన కాయ దీని గుర్తులు.

ప్రపంచ వాణిజ్యంలో ప్లాంటెయిన్ అనే పేరుతో వ్యవహరించే కూర అరటి బొంత కంటె వేరైన వర్గం. కేరళలో ఉప్పేరికి వాడే నేంద్రం ఆ వర్గంలోనిది. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలలో అది ముఖ్యాహారం. మన ప్రాంతంలో కూర అరటి నాటదలచినవారు స్థానికంగా అమ్ముడుపోయేది బొంత అని గుర్తుంచుకోవాలి.

రకాన్ని ఎన్నుకునేటప్పుడు దిగుబడి కంటె ముందు కొనేవారిని చూడాలి. సమీపంలో గెలలు కొనే యార్డు ఉంటే కర్పూర, బొంత రకాలు సులభంగా అమ్ముడుపోతాయి. శీతల గిడ్డంగి, ప్యాకింగు సదుపాయం గల సంస్థలు కొనే చోట గ్రాండ్ నైన్ మేలు.

వాతావరణం, నేలలు

అరటికి వేడి, తేమ గల వాతావరణం అనుకూలం. ఉష్ణోగ్రత 15 నుండి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు బాగా పెరుగుతుంది. సారవంతమైన, లోతైన, మురుగు నీరు పోయే సౌకర్యం గల నేలలు కావాలి. ఉదజని సూచిక 6.5 నుండి 7.5 వరకు ఉంటే మంచిది. చౌడు నేలలు, ఉప్పునీటి బోర్లు పనికిరావు. ఒండ్రు మట్టి మేట వేసే గోదావరి లంకలు ఈ పంటకు సహజంగా సరిపోతాయి కాని వాటికి వరద భయం ఉంది. నీరు కొన్ని రోజులు నిలిస్తే వేళ్ళు కుళ్ళి తోట పడిపోతుంది.

పిలకలు, టిష్యూ కల్చర్ మొక్కలు

పిలకలు రెండు విధాలు. కత్తి వలె సన్నగా నిటారుగా ఉండే ఆకులతో, అడుగున బలమైన దుంపతో ఉండేవి సూది పిలకలు. నాటడానికి ఇవే తగినవి. చిన్న వయసులోనే వెడల్పాటి ఆకులు వేసే నీటి పిలకలకు దుంప బలం ఉండదు. మూడు, నాలుగు నెలల వయసు గల సూది పిలకను తవ్వి తీసి, వేళ్ళను, దుంపపై కుళ్ళిన భాగాన్ని చెక్కివేసి, శిలీంద్ర నాశక ద్రావణంలో ముంచి నాటుతారు. ఎండు తెగులు, వెర్రితల తెగులు ఉన్న తోట నుండి పిలకలు ఉచితంగా ఇచ్చినా తీసుకొనరాదు.

టిష్యూ కల్చర్ మొక్కలను ప్రయోగశాలలో పెంచి, నర్సరీలో గట్టిపరచి అమ్ముతారు. ఇవి ఖరీదైనవి. కాని తోట అంతా దాదాపు ఒకే సమయంలో గెల వేయడం వీటి గొప్ప ప్రయోజనం. కోత కొద్ది వారాలలో ముగుస్తుంది కనుక లారీ నిండే సరుకు ఒకేసారి లభిస్తుంది. అదే సమయంలో ధర పడిపోతే మొత్తం తోట ఆ ధరకే పోతుంది. కొద్దిపాటి భూమిని రెండు, మూడు భాగాలు చేసి నెల, రెండు నెలల తేడాతో నాటడం ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది.

నాటే కాలం

పిలకలు నాటిన తోట రకాన్ని బట్టి 12 నుండి 14 నెలలలో, టిష్యూ కల్చర్ తోట 11 నుండి 12 నెలలలో కోతకు వస్తుంది. గెల వేసిన తరువాత కాయ ముదరడానికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. కనుక రైతు కోత నెల నుండి వెనుకకు లెక్కించి నాటే నెలను నిర్ణయించాలి.

ఇక్కడ కోస్తా రైతుకు ఒక చిక్కు ఎదురవుతుంది. శ్రావణం నుండి కార్తీకం వరకు పూజలు, వ్రతాలు, పెళ్ళిళ్ళ వలన అరటికి గిరాకీ పెరుగుతుంది. వేసవిలో మామిడి రావడంతో తగ్గుతుంది. అయితే గోదావరికి వరదలు వచ్చేది జూలై నుండి సెప్టెంబరు వరకు. బంగాళాఖాతంలో తీవ్ర తుఫానులు ఎక్కువగా లేచేది అక్టోబరు, నవంబరులలో. అంటే మంచి ధర పలికే కాలమే గెల బరువుతో ఉన్న తోటకు గండం. 1996 నవంబరు 6 న కోనసీమను తాకిన తుఫాను కొబ్బరి, అరటి తోటలను నేలమట్టం చేసింది. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరద లంక గ్రామాల తోటలను ముంచివేసింది. ఈ కారణంగా మొత్తం భూమిని ఒకే పండుగ కొరకు నాటడం జూదంతో సమానం. రాయలసీమలో వరద, తుఫాను భయం తక్కువైనా, ఏప్రిల్, మే నెలలలో వచ్చే ఈదురు గాలులు, వడగళ్ళు అదే విధంగా నష్టపరుస్తాయి.

నాటడం

సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల గోతులు తీసి, పశువుల ఎరువు, వేపపిండి, పైమట్టి కలిపి నింపుతారు. మొక్కల మధ్య దూరాన్ని బట్టి ఎకరాకు పట్టే మొక్కల సంఖ్య సుమారుగా ఇలా ఉంటుంది:

* 1.5 × 1.5 మీటర్లు: 1800 (పొట్టి రకాలు)
* 1.8 × 1.8 మీటర్లు: 1250 (గ్రాండ్ నైన్ వంటివి)
* 2 × 2 మీటర్లు: 1010 (కర్పూర, బొంత వంటి ఎత్తైన రకాలు)

మరీ దగ్గరగా నాటితే గెల చిన్నదవుతుంది, గాలి ఆడక ఆకుమచ్చ తెగులు పెరుగుతుంది. మొదటి మూడు, నాలుగు నెలలు వరుసల మధ్య పెసర, మినుము, ఉల్లి వంటి అంతర పంటలు వేయవచ్చును. దోస, గుమ్మడి జాతి తీగలు వేయరాదు. వాటి నుండి మొజాయిక్ వైరస్ అరటికి సోకుతుంది. కోనసీమలో కొబ్బరి తోటలలో అరటినే అంతర పంటగా వేయడం వాడుకలో ఉన్నది.

నీరు, ఎరువులు

అరటికి నీటి ఎద్దడి తగిలితే గెల వేయడం ఆలస్యమై, అత్తాల సంఖ్య తగ్గుతుంది. బిందు సేద్యంలో మొక్కకు రోజుకు తొలి నెలలలో 15 లీటర్లు, గెల దశలో 25 లీటర్ల వరకు ఇస్తారు. వర్షాన్ని, నేలను బట్టి ఇది మారుతుంది. రాయలసీమలో అరటి విస్తరించడానికి బిందు సేద్యం ఒక ముఖ్య కారణం.

మొక్కకు పంటకాలంలో సుమారు 200 నుండి 300 గ్రాముల నత్రజని, దాదాపు 300 గ్రాముల పొటాష్, కొద్ది మోతాదులో భాస్వరం అవసరం. నత్రజని, పొటాష్‌లను ఒకేసారి కాక విడతలుగా వేయాలి. కాయ బరువుకు, రుచికి, నిలువ గుణానికి పొటాష్ కీలకం. భూసార పరీక్ష చేయించి మోతాదులను సరిచూసుకొనడం ఉత్తమం.

తోట పనులు

గెల వేసే వరకు వచ్చే పిలకలన్నింటినీ కోసివేయాలి. లేనిచో తల్లి బలం తగ్గుతుంది. గెల వేసిన తరువాత ఒక ఆరోగ్యవంతమైన సూది పిలకను వదిలితే అది రెండవ పంట (కార్శి) అవుతుంది. దీనికి దుక్కి, గోతులు, మొక్కల ఖర్చు ఉండదు. అందుచేత బాగా నడిచిన తోటలో రెండవ కాపు రైతుకు ఎక్కువ మిగులునిస్తుంది.

చివరి అత్తం విడిచిన తరువాత మగ పువ్వును కోసివేస్తారు. గెల వేసిన చెట్టుకు వెదురు లేక సరుగుడు గడలను ఊతగా పెడతారు. తోట చుట్టూ అవిసె, సరుగుడు వంటి మొక్కలను దట్టంగా పెంచితే గాలి తాకిడి తగ్గుతుంది. ఎగుమతి రకాల గెలలకు ఎండ, దుమ్ము, పురుగుల నుండి రక్షణగా పాలిథీన్ సంచులు తొడుగుతారు.

తెగుళ్ళు, పురుగులు

* పనామా ఎండు తెగులు: నేలలోని ఫ్యుజేరియం అనే శిలీంద్రం వలన వస్తుంది. ఆకులు పసుపురంగుకు తిరిగి కాడ వద్ద విరిగి వేలాడుతాయి. శిలీంద్రం అనేక సంవత్సరాలు మట్టిలో జీవిస్తుంది. 20వ శతాబ్దం మధ్యలో లాటిన్ అమెరికా ఎగుమతి తోటలలోని గ్రోస్ మిషెల్ రకాన్ని ఈ తెగులే తుడిచిపెట్టింది. దాని స్థానంలోకి వచ్చిన పచ్చ అరటిని కూడా నాశనం చేసే టి.ఆర్.4 అనే కొత్త తెగ బీహారు, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రాలలో కనిపించింది. కనుక ఇతర రాష్ట్రాల నుండి పిలకలు, దుంపలు తేవడం ప్రమాదకరం.
* వెర్రితల తెగులు: వైరస్ వలన ఆకులు కురచబడి తలపై గుత్తిగా ఏర్పడతాయి. గెల రాదు. పేనుబంక దీనిని వ్యాపింపజేస్తుంది. మందు లేదు. సోకిన మొక్కను దుంపతో సహా తవ్వి నాశనం చేయాలి.
* సిగటోకా ఆకుమచ్చ తెగులు: ఆకులు మచ్చలతో ఎండి, కాయ ముదరక ముందే పండుతుంది. మురుగు తీయడం, ఎండుటాకులు కోసివేయడం, అవసరమైతే శిలీంద్ర నాశకాలు పిచికారి చేయడం నివారణ మార్గాలు.
* దుంప తొలుచు ముక్కు పురుగు, నులిపురుగులు: దుంపను, వేళ్ళను పాడుచేసి చెట్టు పడిపోవడానికి కారణమవుతాయి.

తెగుళ్ళ విషయమై తూర్పు గోదావరి జిల్లా కొవ్వూరులోని ఉద్యాన పరిశోధన కేంద్రాన్ని రైతులు సంప్రదించవచ్చును. జాతీయ స్థాయిలో 1993లో తమిళనాడులోని తిరుచిరాపల్లిలో అరటి పరిశోధన కేంద్రం ఏర్పడింది.

కోత, మగ్గబెట్టడం

దూర ప్రాంతాలకు పంపే గెలను ముప్పాతిక వంతు ముదిరినప్పుడు, కాయ పలకలు ఇంకా కొద్దిగా కనిపిస్తుండగానే కోస్తారు. గెలను నేలపై పడవేయరాదు. అప్పుడు కనిపించని దెబ్బ మగ్గిన తరువాత నల్లమచ్చగా బయటపడుతుంది. పచ్చికాయను 13 నుండి 14 డిగ్రీల వద్ద నిలువ చేస్తారు. అంతకంటె చల్లబరిస్తే తొక్క నల్లబడుతుంది. కాల్షియం కార్బైడుతో మగ్గబెట్టడం చట్టరీత్యా నిషిద్ధం. పరిమిత మోతాదులో ఇథిలీన్ వాయువును వాడడానికి అనుమతి ఉన్నది.

మార్కెట్లు

కోనసీమ జిల్లాలోని రావులపాలెం అరటి యార్డు రాష్ట్రంలో ప్రముఖమైనది. ఇక్కడ బేరం గెల లెక్కన జరుగుతుంది. ఒడిషా మొదలైన రాష్ట్రాలకు సరుకు వెళ్తుంది. రాయలసీమలో టన్ను లెక్కన వ్యాపారులు తోట వద్దనే కొంటారు. 2020 జనవరిలో తాడిపత్రి నుండి ముంబైలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు ఎగుమతి అరటితో ప్రత్యేక రైలు నడిచింది. ఆ తరువాత రెండు నెలలకే కరోనా లాక్‌డౌన్ వలన రవాణా ఆగి, గెలలు తోటలలోనే పండిపోయాయి. మంచి మార్కెట్టు దొరికిన తరువాత కూడా అరటి రైతుకు పూర్తి నిశ్చింత ఉండదని ఈ రెండు సంఘటనలు తెలుపుతున్నాయి.

లాభనష్టాల లెక్క

రైతు ముందుగా తెలుసుకోవలసినది తన గిట్టుబాటు ధర. మొత్తం ఖర్చును అమ్ముడుపోయే కాయ బరువుతో భాగిస్తే అది వస్తుంది. లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ: ఎకరాలో 1200 మొక్కలు, గెల సగటున 20 కిలోలు, ఖర్చు 1,80,000 రూపాయలు అనుకుందాం. దిగుబడి 24,000 కిలోలు. గిట్టుబాటు ధర కిలోకు 7.50 రూపాయలు. గాలికి నాలుగవ వంతు చెట్లు పడిపోతే దిగుబడి 18,000 కిలోలకు తగ్గి, గిట్టుబాటు ధర 10 రూపాయలకు పెరుగుతుంది. ఖర్చు మాత్రం తగ్గదు. కనుక ఊత కర్రలకు పెట్టే డబ్బును అదనపు ఖర్చుగా భావించరాదు.

ఖర్చులో కూలి, ఎరువులు, మొక్కలతో పాటు కౌలు, అప్పుపై వడ్డీ, స్వంత కుటుంబ శ్రమ కూడా చేర్చాలి. కౌలు రైతుకు మరొక ఇబ్బంది ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందాన్ని నిర్దేశించింది. పిలకలతో వేసిన అరటి కోతకు అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. రెండవ కాపు మిగులు దక్కాలంటే గడువు విషయం నాటక ముందే భూయజమానితో వ్రాతపూర్వకంగా తేల్చుకోవాలి. అది లేనిచో మొదటి కాపు ఖర్చు మోసినవాడు ఒకరు, రెండవ కాపు ఫలం పొందేవాడు మరొకరు అయ్యే అవకాశమున్నది.

కొత్తగా ఈ పంటకు దిగేవారు మొదటి ఏడు అర ఎకరం, ఎకరంతో ఆరంభించి, ఒక కోతను స్వయంగా అమ్మి చూసిన తరువాత విస్తరించడం శ్రేయస్కరం.

ఇతర ఉపయోగాలు

ఆకులు భోజనానికి, పిలకలు శుభకార్యాల పందిళ్ళకు అమ్ముడుపోతాయి. దవ్వను, పువ్వును కూరగా వండుతారు. బోదె నుండి నార తీస్తారు. కోత తరువాత బోదెలను ముక్కలు చేసి నేలలో కలిపితే పొటాష్ తిరిగి భూమికే చేరుతుంది. తెగులు సోకిన తోటలో మాత్రం ఇలా చేయరాదు.

ఇవి కూడా చూడండి

* అరటి
* కోనసీమ
* రావులపాలెం
* బిందు సేద్యం
* కొబ్బరి