కాన్పు అయ్యాక కూడా మాత్రలు మానకండి

"బిడ్డ పుట్టేసింది కదా, ఇంక మాత్రలెందుకు?" అని చాలామంది తల్లులు మానేస్తారు. అది పొరపాటు. కాన్పులో రక్తం పోతుంది. ఆ లోటు తీరకముందే మళ్లీ నెల తప్పితే తల్లికీ, కడుపులో బిడ్డకీ ప్రమాదం.

అందుకే గర్భిణీలు నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు, రోజుకొక ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. మాత్రతోపాటు టీ తాగవద్దు. కాల్షియం మాత్రను వేరే పూట వేసుకోండి. వికారంగా ఉంటే అన్నం తిన్నాక మింగండి. మలం నల్లగా వస్తే భయపడకండి, ఒంటికి పట్టని ఇనుము అలా పోతుంది. చోడి అంబలి, మునగాకు మంచివే, కానీ అవి మాత్రకు బదులు కావు.

భర్తలకూ ఒక మాట: రోజూ మాత్ర గుర్తుచేయండి. బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ల ఎడం ఉంచండి. తగిన పద్ధతి ఏదో ఏ.ఎన్.ఎమ్. గారిని ఇద్దరూ కలిసి అడగండి.