తహజ్జుద్ కోసం ఫజ్ర్ పోగొట్టుకుంటున్నారా?



పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, రాత్రి రెండింటి దాకా మేలుకుని తహజ్జుద్ చదువుతున్నా. తర్వాత పడుకుంటే ఫజ్ర్ కి మెలకువ రావట్లేదు. ఏడున్నరకి లేచి కజా చేసుకుంటున్నా. తహజ్జుద్ మానేస్తే మళ్లీ అలవాటు కాదేమో అని భయం" అని. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న గురించే. నిజం చెప్పాలంటే ఉద్యోగం చేసే రోజుల్లో నేను కూడా సరిగ్గా ఇదే తప్పు చేశాను. రంజాన్ ఊపులో రోజుకి 8 రకాతులు అని మొదలుపెట్టి, ఈద్ దాటిన పది రోజులకి తహజ్జుదూ లేదు, ఫజ్ర్ జమాతూ లేదు.

ముందు పదాలు క్లియర్ చేసుకుందాం. ఇషా నమాజు తర్వాత నుంచి ఫజ్ర్ సమయం మొదలయ్యే వరకు చేసే నఫిల్ నమాజుల్ని ఖియాముల్లైల్ అంటారు. అందులో కాసేపు నిద్రపోయి లేచి చదివేదాన్ని తహజ్జుద్ అంటారని చాలామంది ఉలమాలు చెప్తారు. కాబట్టి నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు "మేము పడుకోమే, మాకు లేదా?" అని బాధపడక్కర్లేదు. బ్రేక్ లో రెండు రకాతులు చదివినా అది ఖియాముల్లైలే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సూరా ముజ్జమ్మిల్ మొదట్లో రాత్రిలో సగం, లేదా కాస్త తక్కువ, లేదా కాస్త ఎక్కువ నిలబడమని ఆదేశం వచ్చింది. హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినదాని ప్రకారం ప్రవక్త (స), సహాబాలు దాదాపు ఏడాది పాటు అలాగే నిలబడ్డారు. 12 నెలల తర్వాత అదే సూరాలోని చివరి ఆయతు, అంటే 20వ ఆయతు దిగింది, భారం తేలికైంది. ఫర్జ్ గా ఉన్నది నఫిల్ అయింది. ఎందుకు తేలిక చేశారో కూడా ఆ ఆయతులోనే ఉంది: మీలో జబ్బుపడ్డవాళ్లు ఉంటారు, బతుకుతెరువు కోసం ప్రయాణాలు చేసేవాళ్లు ఉంటారు, అల్లాహ్ మార్గంలో పోరాడేవాళ్లు ఉంటారు అని. అంటే మనం పొద్దున తొమ్మిదింటికి డ్యూటీకి వెళ్లాలన్న సంగతి అల్లాహ్ కి తెలియకుండా లేదు. ఈ ఆయతు చదివిన ప్రతిసారీ నాకు గుండె మీద బరువు దిగినట్టు ఉంటుంది.

మరి ఫజ్ర్? అది ఫర్జ్. ఇక్కడ తేలిక అనే మాటే లేదు. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఒక సంఘటన ఉంది. ఒకరోజు హజ్రత్ ఉమర్ (రజి) ఫజ్ర్ జమాత్ లో సులైమాన్ బిన్ అబీ హస్మా అనే ఆయన కనబడలేదని గమనించారు. తర్వాత బజారుకి వెళ్తూ దారిలో ఆయన తల్లి షిఫా గారిని అడిగారు. రాత్రంతా నమాజు చదివాడు, తెల్లవారుజామున నిద్ర ముంచుకొచ్చింది అని ఆవిడ చెప్పారు. దానికి ఉమర్ (రజి) ఏమన్నారంటే, రాత్రంతా నిలబడటం కన్నా ఫజ్ర్ జమాత్ లో హాజరవడమే నాకు ఎక్కువ ఇష్టం అని. తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇదే. అలా అని తహజ్జుద్ మానెయ్యమని కాదు, దాని టైమ్ మార్చు.

టైమ్ ఎలా లెక్కేయాలి? రాత్రి అంటే మగ్రిబ్ నుంచి ఫజ్ర్ వరకు. ఉదాహరణకి మగ్రిబ్ 6:30, ఫజ్ర్ 5:00 అనుకోండి. మొత్తం పదిన్నర గంటలు. మూడు భాగాలు చేస్తే ఒక్కోటి మూడున్నర గంటలు. అంటే చివరి భాగం 1:30కి మొదలై 5:00 వరకు ఉంటుంది. దుఆలు స్వీకరించబడే ఘడియలని సహీహ్ హదీసుల్లో వచ్చింది ఈ చివరి మూడో భాగం గురించే. 4:30కి లేచినా మీరు అందులోనే ఉన్నట్టు. అందుకే నేను చెప్పేది, రెండింటి దాకా మేలుకోవద్దు. ఇషా చదివి త్వరగా పడుకోండి, ఫజ్ర్ కి అరగంట ముందు అలారం పెట్టుకోండి. అప్పుడు తహజ్జుదే మిమ్మల్ని ఫజ్ర్ కి లేపుతుంది. ఒక్క జాగ్రత్త: ఫజ్ర్ సమయం అంటే జమాత్ టైమ్ కాదు, రంజాన్ లో సహరి ఆపేసే టైమ్. చాలామంది ఇక్కడ పొరబడతారు.

రకాతులు రెండేసి చొప్పున చదవాలి. ప్రవక్త (స) రంజాన్ లో అయినా మిగతా రోజుల్లో అయినా విత్ర్ తో కలిపి 11కి మించి చదివేవారు కాదని ఆయిషా (రజి) చెప్పారు. ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనంలో 13 అని కూడా ఉంది. మనకి 2తో మొదలుపెట్టినా చాలు. అల్లాహ్ కి అత్యంత ఇష్టమైన పని కొంచెమైనా క్రమం తప్పకుండా చేసేది అన్న హదీసు మనందరికీ తెలిసిందే.

ఇంకొకటి. నిద్ర మత్తులో తూగుతూ చదవొద్దు. అలసట వచ్చినప్పుడు పట్టుకోవడానికని మస్జిద్ లో రెండు స్తంభాల మధ్య హజ్రత్ జైనబ్ (రజి) తాడు కట్టించుకుంటే, ప్రవక్త (స) దాన్ని విప్పించేశారు. ఓపిక ఉన్నంతసేపే చదవండి, అలసిపోతే కూర్చోండి అన్నారు. కునుకు వస్తే పడుకోమని వేరే హదీసులో ఉంది. ఎందుకంటే ఆ మత్తులో క్షమాపణ అడుగుతున్నాం అనుకుని మనల్ని మనమే తిట్టుకుంటామేమో!

ఈమధ్య "40 రోజులు తహజ్జుద్ చదివితే వీసా వచ్చేసింది" టైపు వీడియోలు బాగా తిరుగుతున్నాయి. దుఆ అడగండి, వీసా కోసం కూడా అడగండి, తప్పులేదు. కానీ 40 రోజుల ప్యాకేజీ లాగా చూస్తే 41వ రోజు ఏం చేస్తారు? పని అయితే మానేస్తారు, అవ్వకపోతే అలిగి మానేస్తారు.

విత్ర్ సంగతి. లేస్తానన్న నమ్మకం లేకపోతే ఇషా తర్వాతే విత్ర్ చదివేసి పడుకోండి. నమ్మకం ఉంటే చివరికి ఉంచుకోండి. ముందే చదివేసి తర్వాత మెలకువ వస్తే, రెండేసి రకాతులు మామూలుగా చదువుకోవచ్చు, విత్ర్ మళ్లీ చదవక్కర్లేదు.

ఏదో ఒక రాత్రి అస్సలు లేవలేకపోయారు. అప్పుడు? ప్రవక్త (స)కి జబ్బు వల్లో నిద్ర వల్లో రాత్రి నమాజు తప్పిపోతే, పగటి పూట 12 రకాతులు చదివేవారు. లేవాలనే నియ్యత్ తో పడుకుని నిద్ర వల్ల లేవలేకపోయినవాడికి ఆ పుణ్యం రాయబడుతుందని, ఆ నిద్ర అతనికి సదఖా అని కూడా హదీసు ఉంది.

తమ్ముడూ, ఈ రాత్రి పదిన్నరకి ఫోన్ పక్కన పెట్టేసి పడుకో. రెండే రకాతులు, తర్వాత ఫజ్ర్ జమాత్. ఒక వారం చేసి నాకు మళ్లీ మెసేజ్ పెట్టు. వచ్చే ఎపిసోడ్ లో దుఆయె ఖునూత్ గురించి మాట్లాడుకుందాం, ఇన్షా అల్లాహ్. వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.