పాకలో వేటకుక్క సంకరం

మన సంఘాల సభ్యులు కొందరు పాకకు కాపలాగా ముధోల్ జాతి కలిసిన సంకరపు కుక్కలను పెంచుతున్నారు. కర్ణాటకలోని ముధోల్ పేరు మీద పిలిచే ఈ జాతి వాసన కన్నా చూపునే నమ్మి వేటాడుతుంది. పరుగెత్తే దాని వెంట పడటం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. దూడను తరిమిందని కొడితే గుణం మారదు సరికదా, బెదిరి కరవడం నేర్చుకుంటుంది. పిల్లగా ఉన్నప్పుడే దూడల మధ్య తిప్పాలి. రోజూ తెల్లవారుజామున గట్ల మీద పరుగెత్తించాలి. పాలు పితికే వేళ మాత్రం దూరంగా కట్టివేయాలి. బెదిరిన గేదె సరిగా చేపదు. అప్పుడు దాణాను తిట్టుకొని లాభం లేదు. పొట్టి వెంట్రుక కనుక చలికాలంలో గోనెపట్టా పరచాలి.

మూడవ నెలలో రేబిస్ టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పినట్లు ఏటేటా తప్పనిసరి. సంకరమే కదా అని చాలామంది మానివేస్తున్నారు. గేదెను కుక్క కరిస్తే ఆ రోజే పశువైద్యశాలకు తెలపాలి. కొన్ని వారాల తరువాతైనా అది చొంగ కార్చుతూ అదేపనిగా అరుస్తుంటే, గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయి పెట్టరాదు. దాని పాలు తాగరాదు, సంఘానికి పోయరాదు. మనిషిని కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారనీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కారం, సున్నం పెట్టవద్దు.