కన్ఫిగర్‌కు పరుగు నేర్పడం

సోర్స్ కోడ్ దింపుకుని సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేసుకునేవాళ్లకు కన్ఫిగర్ స్క్రిప్ట్ పాత పరిచయమే. ఈ హెడర్ ఉందా, ఆ ఫంక్షన్ ఉందా అంటూ తెర నిండా వరసలు పేరుస్తుంది. సిస్టమ్ పేరు చూసి అది ఏదీ నమ్మదు. ప్రతి అనుమానానికీ చిట్టి సి ప్రోగ్రామ్ రాసి, కంపైలర్‌కు ఇచ్చి, పాసైందా లేదా అని చూస్తుంది. డేవిడ్ మెకెంజీ 1991లో మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ పద్ధతి ఇదే.

అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఎత్తు ఒకటుంది. వేరే ప్రాసెసర్ కోసం కంపైల్ చేస్తున్నప్పుడు ఇంట్ ఎన్ని బైట్లో తెలియాలి. కానీ తయారైన ప్రోగ్రామ్ ఈ మెషీన్ మీద నడవదు. అప్పుడు ‘ఇంట్ సైజు 3కి మించదు’ అన్న మాట అబద్ధమైతే అర్రే పొడవు -1 అయ్యేలా కోడ్ రాస్తుంది. అలాంటి అర్రేను కంపైలర్ ఒప్పుకోదు. అంటే సైజు 3 కంటే ఎక్కువే. 7 దగ్గర ఒప్పుకుంటుంది. ఇక 4కీ 7కీ మధ్య సగం సగం చేస్తూ 5, ఆ తర్వాత 4 అడిగి, జవాబు 4 అని తేలుస్తుంది. ప్రోగ్రామ్ ఒక్కసారి కూడా నడవలేదు!

ఇంత తెలివైనదే, పదహారు కోర్ల మెషీన్ మీద కూడా ఒక్క కోర్‌తోనే పని లాగిస్తుంది. పరీక్షలన్నీ ఒకే పేరున్న ఫైలును తిరగరాసుకుంటాయి. ఒకదాని ఫలితాన్ని కన్ఫిగర్ తర్వాతి ప్రోగ్రామ్ తలమీద చేరుస్తుంది. ఏదైనా లైబ్రరీ దొరికితే తర్వాతి లింకింగ్ పరీక్షలన్నిటికీ దాన్ని తగిలిస్తుంది. నిజానికి లాంగ్ సైజుకూ ఏదో ఒక హెడర్ ఉనికికీ సంబంధమే లేదు. అయినా ఒకటి అయ్యేదాకా రెండోది ఆగాల్సిందే.

ఈ ముడి విప్పే పరికరం మన చేతిలోనే ఉంది. స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో రాసిన మేక్. ఒక్కో పరీక్షకూ సొంత ఫైలు, సొంత ఫలితం ఇచ్చి, దేనికి ఏది ముందు కావాలో మేక్‌ఫైల్‌లో రాస్తే చాలు. ఇప్పటి మేక్‌కు మైనస్ జె ఇస్తే, సంబంధం లేనివన్నీ ఒకేసారి నడుస్తాయి. చివర్లో ముక్కలన్నిటినీ ఎప్పుడూ ఒకే వరసలో అతికి కన్ఫిగ్ హెడర్ తయారుచేయాలి. ఏది ముందు ముగిసిందన్నదాన్ని బట్టి ఆ ఫైలు మారితే, కోడ్ అంతా అనవసరంగా మళ్లీ కంపైల్ అవుతుంది.

ఆటోకాన్ఫ్ తర్వాత సీమేక్, మీసన్ అనే బిల్డ్ పరికరాలు వచ్చాయి. ఈ పరీక్షలు వాటిలోనూ వరసలోనే నడుస్తాయి.

మీ ప్రాజెక్టులో కన్ఫిగర్ ఉంటే ఒకసారి తెరిచి చూడండి. 1989 నాటి సి ప్రమాణంలోనే ఉన్న హెడర్ల కోసం ఇంకా వెతుకుతుంటే ముందు ఆ వరసలు తీసేయండి. మిగిలినవాటిని మేక్‌కు అప్పగించండి.